బరువు తగ్గించే లెక్కలు: ఉద్దానంలో ఒక పరిశీలన

బరువు తగ్గదలచినవారికి సలహాలకు ఏ కాలంలోనూ కొదువ లేదు. పూర్వం ఉపవాసమో, ఉలవచారో, తెల్లవారుజామున నడకో చెప్పేవారు. ఇప్పుడు ఆ స్థానంలోకి లెక్క వచ్చింది. ఫోనులోని ఒక ఆప్ ఎత్తు, బరువు, వయస్సు, స్త్రీయా పురుషుడా అనే నాలుగు సంగతులు అడుగుతుంది. వెంటనే రోజుకు ఇన్ని కిలోకెలోరీలు తినవలెనని, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు తీసుకొనవలెనని, ఇన్ని అడుగులు నడవవలెనని, అట్లా చేస్తే పన్నెండు వారాలలో ఇన్ని కిలోలు తగ్గుతారని తేల్చి చెబుతుంది. చేతి గడియారం అడుగులను లెక్కిస్తుంది. తూకపు యంత్రం ఒంటిలోని క్రొవ్వును శాతాలలో చూపుతుంది. జబ్బకు అంటించుకొనే బిళ్ళ ఒకటి చక్కెర హెచ్చుతగ్గులను రాత్రింబవళ్ళు గీతగా గీస్తుంది. మనిషి మాటకంటె అంకె నమ్మదగినదన్న భావం ఈ పద్ధతికి పునాది. ఆ భావాన్ని శాస్త్రం కాదనదు. అయితే ఏ ప్రయోగశాలలోనైనా అంకెను చూచిన వెంటనే రెండు ప్రశ్నలు వేస్తారు: ఇది దేనిని కొలిచిన అంకె? కొలవకుండా వదలినది ఏది?

ఈ రెండవ ప్రశ్నకు శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి పట్టణాలలోను, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం తీరంలోను ఉన్నంత ప్రాముఖ్యం మరొకచోట ఉండదు. ఉద్యానవనం అనే మాట నుండి ఉద్దానం వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లతో పచ్చగా ఉండే ఈ నేల రెండు మూడు దశాబ్దాలుగా మరొక కారణంచేత ప్రసిద్ధికెక్కింది. ఇక్కడ పెద్దవారిలో సుమారు అయిదుగురికొకరికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు 2019లోను, 2020లోను ప్రచురితమైన రెండు వేర్వేరు సర్వేలు చూపినవి. మధుమేహంగాని, రక్తపు పోటుగాని లేని రైతులకు, కూలీలకు కూడ ఈ వ్యాధి వస్తున్నది. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు మొదలైన వాటిని శాస్త్రజ్ఞులు అనుమానించారుగాని కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం కూడ ఆనాడే మొదలయింది.

ఇటువంటిచోట బరువు తగ్గే ఆప్ ఎట్లా పనిచేస్తుందో తెలియడానికి ఒక కల్పిత వ్యక్తిని తీసుకొనవచ్చును. టెక్కలిలో ఒక కార్యాలయ ఉద్యోగి. వయస్సు 45, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. మనిషి కల్పితమైనా అతనికి కట్టే లెక్కలు నిజమైన సూత్రాలవి.

మొదట శరీర ద్రవ్యరాశి సూచి. బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే 26.2 వస్తుంది. ఐరోపావారి ప్రమాణం ప్రకారం ఇతడు కొంచెం బరువెక్కినవాడు మాత్రమే. భారతీయులకు 25 దాటితేనే స్థూలకాయమని మన వైద్యులు 2009లో నిర్ణయించుకొన్న ప్రమాణం ప్రకారం స్థూలకాయుడే. మనిషి ఒక్కడే, తూకమూ ఒక్కటే. ప్రమాణం మారితే పేరు మారింది. ఈ సూచి ఎంత చూపగలదో, ఎంత చూపలేదో చెప్పడానికి పూనా వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి సూచి 22.3. కాని ఆంగ్లేయుని ఒంటిలో క్రొవ్వు 9.1 శాతం, భారతీయుని ఒంటిలో 21.2 శాతం. సన్నగా కనిపించే మనవారికి మధుమేహం ఎందుకు వస్తున్నదో ఆ ఒక్క ఫొటో చాలమందికి బోధపరచింది.

తరువాత మౌలిక జీవక్రియ, అనగా కదలక మెదలక పడుకొన్న మనిషి శరీరం ఖర్చుచేసే శక్తి. దీనిని కొలిచే సాధనం ఆప్‌కు లేదు. సూత్రం పెట్టి అంచనా కడుతుంది. 1990 నాటి మిఫ్లిన్ సూత్రం ఈ ఉద్యోగికి 1,570 కిలోకెలోరీలు ఇస్తుంది. 1985 నాటి షోఫీల్డ్ సూత్రం 1,722 ఇస్తుంది. మొదటిది అమెరికాలో 498 మందిని కొలిచి కట్టినది. రెండవదానికి ఆధారమైనవారిలో సగానికి దగ్గరగా ఇటలీ దేశస్థులు. అది భారతీయుల విషయంలో ఎక్కువ చూపుతుందని మన దేశపు కొలతలలో తేలింది. కూర్చుని పనిచేసేవారికి వేసే 1.4 హెచ్చవేత వేస్తే రెండు సూత్రాలకు నడుమ తేడా 210 కిలోకెలోరీలు దాటుతుంది. ఆప్ సాధారణంగా రోజుకు తగ్గించుమని చెప్పేది 500. చెప్పిన కోతలో నలభై శాతానికి పైగా సూత్రం ఎన్నికలోనే మాయమవుతున్నదన్నమాట. అయినా తెర మీద 1,698 అని నాలుగంకెల ఖచ్చితంతో కనిపిస్తుంది. కొలబద్దకు లేని సూక్ష్మతను ఫలితంలో చూపరాదని ఇంటర్మీడియెట్ విద్యార్థికి మొదటి ప్రయోగంలోనే నేర్పుతారు.

రోజుకు 500 చొప్పున పన్నెండు వారాలకు 42,000 తగ్గితే, కిలో క్రొవ్వుకు 7,700 లెక్కన సుమారు అయిదున్నర కిలోలు పోవలెను. 1958లో విష్నోఫ్‌స్కీ అనే వైద్యుడు పౌనుకు 3,500 అని లెక్కకట్టినది మొదలు ఈ గుణకారం సాగుతున్నది. కాని బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడ తగ్గుతుంది. గీత సరళరేఖగా పోక క్రమంగా వంగుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు కెవిన్ హాల్, అతని సహచరులు 2011లో దీనిని గణితరూపంలో చూపారు. మొదటి వారంలో రెండు కిలోలు పోయినవని సంతోషించేవారు మరొక సంగతి గమనించాలి. కండరాలలో, కాలేయంలో నిలువ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముతోను సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకొని ఉంటుంది. అన్నం తగ్గించగానే ముందు పోయేది ఆ నీరే.

ఇక తిండి లెక్క. ఇది పలాసలో బాగా తెలియవలసిన విషయం, ఎందుకంటే ఆప్‌లో "జీడిపప్పు, 20" అని వ్రాస్తే ఏమవుతుందో పలాస వ్యాపారికి తెలిసినంతగా ఆప్ కట్టినవానికి తెలియదు. ఇక్కడ గుండ్లను 180, 240, 320 అనే అంకెలతో అమ్ముతారు. పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతవో ఆ అంకె చెబుతుంది. 180 రకం గుండు రెండున్నర గ్రాములకు పైగా ఉంటుంది. 320 రకం ఒకటిన్నర గ్రాములకు లోపు. కనుక ఇరవై గుండ్లంటే ఒక కొట్టులో 50 గ్రాములు, పక్క కొట్టులో 28 గ్రాములు. వంద గ్రాములకు సుమారు 580 కిలోకెలోరీల చొప్పున మొదటిది 290, రెండవది సుమారు 165. బద్దలైతే ఇరవై అనే మాటకే అర్థం లేదు.

ఆ 580 అన్నది కూడ సందేహించవలసినదే. పందొమ్మిదవ శతాబ్ది చివర అట్‌వాటర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆహారంలోని శక్తిని లెక్కించడానికి గుణకాలు ఏర్పరచాడు. మాంసకృత్తులకు, పిండిపదార్థాలకు గ్రాముకు నాలుగు, క్రొవ్వుకు తొమ్మిది. నేటికీ పట్టికలన్నీ దాదాపు వాటితోనే సాగుతున్నవి. 2019లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు మనుష్యులకు జీడిపప్పు పెట్టి, విసర్జనలో పోయిన శక్తిని కూడ కొలిచి చూచారు. 28 గ్రాముల పప్పు నుండి శరీరానికి అందినది పట్టిక చెప్పే 163 కాదు, 137 మాత్రమే. పదహారు శాతం తక్కువ. పప్పులోని క్రొవ్వు కొంత కణాల గోడల మధ్య చిక్కుకొని జీర్ణం కాకుండానే బయటికి పోతుంది. జీడిపప్పు తిని బరువు పెరుగుతామేమో అని భయపడే పలాసవారికి ఇది కొంత ఊరట కావచ్చును. అట్లాగని ఉప్పూ కారమూ వేసి నూనెలో వేయించిన పప్పుకు అంటిన నూనెకు ఈ రాయితీ వర్తించదు.

ఇంటి భోజనం సంగతి ఇంతకంటె కష్టం. పనసపొట్టు కూరలో ఎంత నూనె పడిందో వండిన ఇల్లాలికే గ్రాములలో తెలియదు. చోడి అంబలి ఒక ఇంట చిక్కన, మరొక ఇంట పలచన. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు పచ్చి సరుకుల విషయంలో ఎంతో విలువైనవి. గిన్నెలోకి వచ్చిన కూరను అవి కొలవలేవు. పైగా తిన్నవాడే వ్రాయవలెను. 1992లో న్యూయార్కులో లిఖ్ట్‌మన్, అతని సహచరులు, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పే పదిమందిని పరీక్షించారు. వారు తాము తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగాను, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగాను చెప్పుకొన్నట్లు తేలింది. వారెవరూ కావాలని అబద్ధమాడినవారు కారు.

శ్రమను గడియారం కొలుస్తుంది గదా అనవచ్చును. అది కొలిచేది మణికట్టు ఊపును. కొబ్బరిచెట్టు ఎక్కి దిగేవాని కష్టం, పీపాయంత బస్తా మోసేవాని కష్టం అందులో అడుగులుగా నమోదైనంతే నమోదవుతుంది. పలాస జీడి కర్మాగారంలో పొద్దస్తమానం కూర్చుని పిక్క కొట్టే స్త్రీకి చేతులాడుతూనే ఉంటవి, అడుగులు పడవు. ఈ గడియారం ఊళ్ళలో కార్యాలయాలకు పోయి సాయంకాలం పార్కులో నడిచేవారిని దృష్టిలో పెట్టుకొని చేసినది.

ఇంతవరకు చెప్పినవి లెక్కలోని పొరపాట్లు. వీటివల్ల మహా అయితే బరువు అనుకొన్నంత తగ్గదు. ఉద్దానంలో అసలు ప్రమాదం మరొకచోట ఉన్నది. టెక్కలి ఉద్యోగికి ఆప్ చెప్పే మాంసకృత్తుల మోతాదు చూడవలెను. కండ తరగకుండా క్రొవ్వు మాత్రమే కరగాలన్న ఉద్దేశంతో ఇవి తరచుగా కిలో బరువుకు 1.6 గ్రాములు చెబుతవి. అతనికి అది రోజుకు 118 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆరోగ్యవంతులకు చెప్పినది కిలోకు 0.83 చొప్పున, అనగా 61 గ్రాములు. అంత మాంసకృత్తులు అన్నంపప్పుతో రావు. డబ్బాలో అమ్మే పొడి కొనవలసి వస్తుంది. 2024 నాటి ఆహార మార్గదర్శకాలలో ఈ పొడులు వద్దనే ఆ సంస్థ హెచ్చరించింది.

ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు ఈ మోతాదు కొద్దికాలంలో హాని చేస్తుందని రుజువు కాలేదు. ఆ మాట ఒప్పుకొని తీరాలి. మాంసకృత్తులు హెచ్చినప్పుడు మూత్రపిండాలు వడపోత వేగం పెంచుకొని పని నెట్టుకువస్తవి. కాని అప్పటికే సగం వడపోత గుళికలు పోయినవానికి మిగిలిన సగం మీద ఆ బరువు పడుతుంది. అందుచేతనే అంతర్జాతీయ మూత్రపిండ వైద్యసంస్థ కెడిగో 2024లో, వ్యాధి ముదిరే అవకాశం ఉన్న పెద్దవారు కిలోకు 1.3 గ్రాములు దాటరాదని చెప్పింది. మూడవ దశ మొదలుకొని 0.8 దగ్గర నిలుపుకొనమన్నది. టెక్కలి ఉద్యోగికి ఆ హద్దు 96, ఈ హద్దు 59. ఆప్ చెప్పినది 118.

ఆ ఉద్యోగి తనకు వ్యాధి లేదని అనుకొంటాడు. అనుకోవడానికి కారణమూ ఉన్నది. ఉద్దానపు వ్యాధి చాలమందిలో నొప్పి లేకుండా, వాపు లేకుండా, మూత్రంలో ఎక్కువ ఆల్బుమిన్ కూడ పోకుండా ముదురుతుంది. తెలిసేది రక్తంలోని క్రియాటినిన్ పరీక్షవల్లనే, అదీ సరిగా చదివితే. 45 ఏళ్ళ పురుషునికి క్రియాటినిన్ 1.5 మిల్లీగ్రాములు వస్తే కాగితం మీద ఒక చుక్క ఎక్కువ అన్నట్లు కనిపిస్తుంది. 2021 నాటి సూత్రంలో వేస్తే వడపోత వేగం నిమిషానికి 58 మిల్లీలీటర్లు. 90 దాటి ఉండవలసినది 60 లోపుకు వచ్చింది. ఈ స్థితి మూడు నెలలు నిలిచి ఉంటే అది మూడవ దశ.

క్రియాటినిన్ కూడ నిష్కళంకమైన అంకె కాదు. అది కండ నుండి పుట్టే పదార్థం. ఒంట్లో కండ లేని బక్క కూలీకి మూత్రపిండాలు దెబ్బతిన్నా అది తక్కువగానే ఉంటుంది. బరువు తగ్గే పథకంలో క్రొవ్వుతోపాటు కండ కూడ తరిగితే క్రియాటినిన్ కొంచెం దిగుతుంది. మూత్రపిండాలు బాగుపడినవని భ్రమ కలుగుతుంది. దీనికి విరుద్ధంగా వ్యాయామశాలలో అమ్మే క్రియాటిన్ పొడి తింటే మూత్రపిండాలు బాగున్నా అంకె ఎక్కుతుంది. సందేహం కలిగినచోట కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్-సి అనే మరొక పరీక్ష ఉపకరిస్తుంది.

తూకపు యంత్రానిదీ ఇదే కథ. వ్యాధి ముదిరినవానికి కాళ్ళలో నీరు పట్టి బరువు పెరిగితే ఆప్ దానిని తిండి ఎక్కువైందని చదివి ఇంకా కోత పెడుతుంది. క్రొవ్వు శాతం చూపే యంత్రం ఒంటి గుండా స్వల్పమైన విద్యుత్తు పంపి, అది ఎదుర్కొనే నిరోధాన్నిబట్టి అంచనా కడుతుంది. నీరు పట్టిన ఒంటిలో ఆ అంచనా తప్పుతుంది. చక్కెర బిళ్ళ మరీ ఏకపక్షం. ఉప్పు ఎండుచేపలు వేయించుకొని తింటే గీత చదునుగా పోతుంది, చద్దన్నం తింటే లేస్తుంది. గీత మెచ్చుకొన్న ఆ ఉప్పు మూత్రపిండానికి మేలు చేసేది కాదు.

కొబ్బరినీళ్ళ ఉదాహరణ ఈ తీరానికి మరీ దగ్గరిది. ఆప్ దృష్టిలో అది తక్కువ కెలోరీల పానీయం, ఆకుపచ్చ గుర్తు పొందినది. వంద మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములకు పైగా పొటాసియం ఉంటుంది. మూత్రపిండాలు పనిచేసేవానికి అది మంచిదే. అవి చాలవరకు పోయినవానికి రక్తంలో పొటాసియం పేరుకొని గుండె లయ తప్పవచ్చును. ఒకే బొండాం, ఒకే పెరటి చెట్టుది, అన్నకు ఔషధం, తమ్మునికి అపాయం కాగలదు.

ఇది ఆప్‌ల దోషం మాత్రమే కాదు. 2017, 2018 సంవత్సరాలలో వీరమాచినేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహారవిధానం తెలుగునాట ఇంటింటా చర్చనీయమయింది. పిండిపదార్థాలు దాదాపు మాని క్రొవ్వు, నిమ్మ, నీరు, విటమిన్ బిళ్ళలు అనే నాలుగింటి మీద నిలిచే ఆ విధానంలోనూ క్రొవ్వుకు గ్రాములు, నీటికి లీటర్లు అని లెక్క ఉన్నది. దానివల్ల బరువు తగ్గినవారు ఉన్నారు. చక్కెర దిగినవారూ ఉన్నారు. చర్చ అంతా కొబ్బరినూనె మంచిదా చెడ్డదా అనే దాని చుట్టూ తిరిగింది. లీటర్ల కొద్దీ నీరు త్రాగుమనే మాట, మూత్రం తగ్గిపోయి డయాలిసిస్ మీద ఉన్నవానికి ఎంత కీడో ఆ కోలాహలంలో అంతగా వినిపించలేదు.

లెక్కతో ప్రయోజనమే లేదనడం మాత్రం అన్యాయం. రోజూ తూచుకొని, తిన్నది వ్రాసుకొనేవారు వ్రాసుకొననివారికంటె ఎక్కువ తగ్గుతారని అనేక పరిశోధనలు చూపినవి. ఆగ్నేయ భారతంలో మధుమేహపు అంచున ఉన్న 537 మంది పురుషుల మీద రామచంద్రన్, అతని సహచరులు చేసిన ప్రయోగం 2013లో ప్రచురితమయింది. ఫోనులో మామూలు సందేశాలు పంపినవారిలో రెండేళ్ళకు 18 శాతం మందికి, పంపనివారిలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది. గడియారం లేదు, బిళ్ళ లేదు; తగిన సమయంలో తగిన మాట మాత్రమే. 2016లో అమెరికాలో జకిసిచ్ బృందం 471 మంది యువకులను రెండేళ్ళు పరిశీలించింది. ఒంటికి ధరించే కొలత యంత్రం ఇచ్చినవారు సగటున మూడున్నర కిలోలు తగ్గితే, అది లేకుండా సాధారణ సలహాతో సాగినవారు 5.9 కిలోలు తగ్గారు. జన్యువులను చూచి ఆహారం చెబుతామనేవారికి 2018లో స్టాన్‌ఫర్డ్ గార్డ్‌నర్ బృందం జవాబిచ్చింది. 609 మందిలో ఏడాది తరువాత క్రొవ్వు తగ్గించినవారు 5.3, పిండిపదార్థాలు తగ్గించినవారు 6.0 కిలోలు తగ్గారు. ఎవరికి ఏది నప్పుతుందో జన్యువులూ చెప్పలేదు, ఇన్సులిన్ పరీక్షా చెప్పలేదు.

పలాసలో కొట్టు మీద పగలంతా కూర్చుని, పొట్ట పెరిగి, చక్కెర అంచున ఉన్న వ్యాపారికి కాబట్టి ఇటువంటి పథకం మేలే చేయవచ్చును. మూత్రపిండాలు బాగున్నవని ముందు తేలితే. అతడు అంకెలను మూడు నెలల ధోరణిగా చూడవలెనుగాని రోజువారీ తీర్పుగా కాదు. అతని నడుము కొలత బరువుకంటె ఎక్కువ చెబుతుంది. నడక మొదలుపెట్టి మోకాళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు తనంతట తాను మింగితే వచ్చిన లాభం మూత్రపిండాల ఖాతాలో నష్టమవుతుంది. ఉద్దానం కూలీలలో ఈ బిళ్ళల వాడకం ఇప్పటికే వైద్యులను కలవరపెడుతున్నది. మే నెల ఎండలో, ఉపవాసంతో, చెమట పట్టే వ్యాయామం ఏ ఆప్ చెప్పినా ఈ తీరంలో తగదు.

టెక్కలి ఉద్యోగి విషయంలో క్రమం తలక్రిందులు కావలెను. ఆప్ ఆరంభంలో అడిగే నాలుగు సంగతుల కంటె ముందు మూడు సంగతులు కావాలి: రక్తంలో క్రియాటినిన్, దానినుండి లెక్కకట్టిన వడపోత వేగం, మూత్రంలో ఆల్బుమిన్. ఇంట్లో తండ్రికో అన్నకో ఈ వ్యాధి ఉన్నదా అన్నది నాలుగవది. దానికి సూది కూడ అక్కరలేదు. వడపోత వేగం 60కి లోపల ఉంటే ఆప్ ఇచ్చిన మాంసకృత్తుల గడిని కొట్టివేసి వైద్యుడు వ్రాసిన అంకె వేయవలెను. ఆప్ అందుకు ఒప్పుకొనకపోతే ఆప్‌నే తీసివేయవలెను. వేగం 90 దాటి, మూత్రం శుభ్రంగా ఉంటే పథకం మొదలుపెట్టవచ్చును. అప్పుడైనా మాంసకృత్తులు పప్పు, చేప, గ్రుడ్డు, పెరుగులనుండి రావలెనుగాని డబ్బానుండి కాదు. మూడు నెలలకు తూకంతోపాటు అవే పరీక్షలు మరల చేయించుకొనవలెను. ఆప్ తెర మీద బరువు గీత పక్కన ఆ ఫలితం వ్రాసుకొనే గడి కనిపించదు. ఆ కాగితాన్ని గోడ క్యాలెండరుకు గుచ్చుకొనవలసిందే.